విషాన్ని దాచుకునే చుక్కల చిమ్మట

వానలు వెనకబట్టాక బీడు భూమిలోనో, చెరువు గట్టు మీదో గడ్డిలో నడుస్తుంటే, కాలికి నాలుగడుగుల ముందు నుంచి చిన్న తెల్లటి పురుగొకటి ఉన్నట్టుండి పైకి లేస్తుంది. తడబడుతున్నట్టు కాస్త దూరం ఎగిరి, మళ్లీ ఏదో గడ్డిపోచ మీద వాలి కనిపించకుండా పోతుంది. గాలికి లేచిన కాగితం ముక్క అనుకుని చాలామంది పట్టించుకోరు. ఒంగి చూసినవారికి మాత్రం వేరే సంగతి కనిపిస్తుంది. మీగడ రంగు రెక్కల మీద వరసలు వరసలుగా ఎర్రటి మచ్చలు, వాటి మధ్య చిన్న చిన్న నల్ల చుక్కలు ఉంటాయి. అద్దకం పనివారు ఓపిగ్గా ఒక్కొక్కటే అద్దినట్టుంటాయి.

ఇది సీతాకోకచిలుక కాదు, చిమ్మట. శాస్త్రీయ నామం యుటెథైసా పుల్కెల్లా. ఇంగ్లిషులో దీన్ని క్రిమ్సన్ స్పెకిల్డ్ మాత్ అంటారు. తెలుగులో దీనికంటూ స్థిరపడిన పేరు లేదు. ఆ మాటకొస్తే చిమ్మట అనే మాటకే తెలుగునాట ఒక్క అర్థం లేదు. కొన్ని చోట్ల బట్టలు కొరికే పురుగును, కొన్ని చోట్ల రాత్రిళ్లు కీచుమని అరిచే పురుగును కూడా అలాగే పిలుస్తారు. ఇక్కడ ఆ మాటను, సీతాకోకచిలుకకు దగ్గరి చుట్టమై, రెక్కల మీద పొలుసులుండే మాత్ అనే అర్థంలోనే వాడుకుందాం. మన దేశంలో సీతాకోకచిలుకలు 1,300కు పైగా జాతులుంటే, చిమ్మటలు 10,000కు పైగా ఉన్నాయి. అందం సీతాకోకచిలుకల సొత్తు, చిమ్మటలంటే దీపం చుట్టూ తిరిగే బూడిద రంగు పురుగులు అన్న అభిప్రాయానికి ఈ చుక్కల చిమ్మటే మంచి జవాబు.

చూడడానికి ఎలా ఉంటుంది?

రెండు రెక్కలూ పూర్తిగా చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు 3 నుంచి 4 సెంటీమీటర్లు ఉంటుంది. వాలినప్పుడు రెక్కలను చాపుకోదు. ఒంటి చుట్టూ చుట్టుకున్నట్టు ముడుచుకుని సన్నని గొట్టంలా కనిపిస్తుంది. అందుకే ఉన్నదానికంటే ఇంకా చిన్నగా అనిపిస్తుంది. తలమీద, వీపు ముందు భాగంలో కూడా ఇవే ఎరుపు, నలుపు చుక్కలుంటాయి. మీసాలు దారంలా సన్నగా ఉంటాయి. వెనక రెక్కలు ముందు రెక్కల కింద దాగి ఉంటాయి. అవి తెల్లగా, పలచగా ఉండి, అంచున మాత్రం ఎగుడుదిగుడుగా నల్లటి పట్టీ ఉంటుంది. ఎగిరేటప్పుడు మన కంటికి తెల్లగా తోచేది ఈ వెనక రెక్కల వల్లే.

1758లో లినేయస్ దీనికి పేరు పెట్టాడు. పుల్కెల్లా అంటే లాటిన్‌లో ముద్దులొలికే చిన్నది అని అర్థం. రెక్కలు చుట్టుకుని కూర్చునే తీరు చూసి కాబోలు, ఆయన దీన్ని టీనియా అనే చిన్న చిమ్మటల గుంపులో చేర్చాడు. బట్టలు కొరికే చిమ్మటలదీ అదే గుంపు. నిజానికి వాటికీ దీనికీ దగ్గరి సంబంధం లేదు. ఇది టైగర్ మాత్‌లు అనే రంగురంగుల చిమ్మటల వంశానికి చెందింది. ఆ వంశాన్ని చాలాకాలం ఆర్క్టిడే అనే ప్రత్యేక కుటుంబంగా లెక్కించారు. డీఎన్ఏ పరిశీలనలు వచ్చాక దాన్ని ఎరెబిడే అనే పెద్ద కుటుంబంలో ఒక ఉపకుటుంబంగా మార్చారు. పాత పుస్తకాల్లో ఒక కుటుంబం పేరు, కొత్తవాటిలో ఇంకో పేరు కనిపించడానికి కారణం ఇదే.

ఇది పగలూ ఎగురుతుంది, రాత్రి దీపాల దగ్గరికీ వస్తుంది. అయితే పగటి వేళ దీని ప్రవర్తన కాస్త వింతగా ఉంటుంది. ఇంత చిన్న పురుగు, పక్షులూ తొండలూ సాలీళ్లూ మసలే చోట, తెలుపు మీద ఎరుపు చుక్కలతో దర్జాగా కూర్చుంటుంది. చాలా చిమ్మటలు పగలు బెరడు రంగులోనో ఎండుటాకు రంగులోనో కలిసిపోయి ప్రాణం దక్కించుకుంటాయి. దీనికి ఆ అవసరం ఎందుకు లేదు? ఆ సంగతి తెలియాలంటే ముందు ఇది ఎక్కడెక్కడ బతుకుతుందో, ఏం తింటుందో చూడాలి.

మూడు ఖండాల మీద చుక్కలు

ఒక చిన్న చిమ్మటకు ఇంత విస్తారమైన ఆవాసం ఉండడం అరుదు. ఆఫ్రికా ఖండంలో, మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దక్షిణ ఐరోపాలో, పశ్చిమాసియాలో, మధ్య ఆసియాలో, భారత ఉపఖండంలో ఇది కనిపిస్తుంది. పాకిస్తాన్, నేపాల్, శ్రీలంకల్లోనూ ఉంది. అడవి లోపల కంటే ఎండ బాగా తగిలే బయలు చోట్లు దీనికి ఇష్టం. బీడు భూములు, ఏటి ఇసుక మేటలు, రోడ్ల పక్కలు, సముద్ర తీరపు గడ్డి మైదానాలు, కోత కోసిన పొలాలు దీని నివాసాలు.

ఇది గట్టిగా ఎగరలేదనిపిస్తుంది గానీ, గాలి అనుకూలిస్తే చాలా దూరం వలస పోతుంది. దక్షిణ ఐరోపా, ఉత్తర ఆఫ్రికాల నుంచి గాలివాటున కొన్ని సంవత్సరాల్లో ఇంగ్లండ్ దక్షిణ తీరం దాకా చేరుతుంది. అక్కడి చిమ్మటల అభిమానులకు ఆ రోజు పండగే. కానీ అక్కడి చలికాలాన్ని తట్టుకుని సంతతి నిలుపుకోలేదు. అంటే దీని ఆవాస పటంలో రెండు రకాల చోట్లున్నాయి. ఏడాది పొడవునా తరం తర్వాత తరం బతికే వెచ్చని చోట్లు మొదటి రకం. చుట్టపుచూపుగా వచ్చి ఆగిపోయే చలి చోట్లు రెండోది. మన దేశంలో చాలా ప్రాంతాలు మొదటి రకానికి చెందినవే.

ఇక్కడ ఒక చిక్కుంది. యుటెథైసాలో అచ్చం ఇలాగే ఉండే అన్నదమ్ములున్నాయి. వాటిలో ఒకటి యుటెథైసా లోట్రిక్స్. రెండోది యుటెథైసా పుల్కెల్లాయిడిస్, అంటే పుల్కెల్లాలాంటిది అని. లోట్రిక్స్ మన దేశంలోనూ ఉంది, ఆగ్నేయాసియా మీదుగా ఆస్ట్రేలియా దాకా ఉంది. పుల్కెల్లాయిడిస్ హిందూ మహాసముద్ర, పసిఫిక్ మహాసముద్ర దీవుల్లోనూ ఆస్ట్రేలియాలోనూ ఎక్కువ. మీగడ రంగు, ఎర్ర మచ్చలు, నల్ల చుక్కలు అన్నింటికీ ఉమ్మడే. చుక్కల పరిమాణం ఒకే జాతిలో కూడా మారిపోతూ ఉంటుంది. 1939లో కార్ల్ జోర్డాన్ అనే కీటక శాస్త్రవేత్త పాత ప్రపంచపు యుటెథైసాల నమూనాలన్నీ ముందేసుకుని, వాటి మధ్య మారని తేడాలేవి, మారేవేవి అని తేల్చేదాకా వీటిని చాలామంది పుల్కెల్లా కిందే జమ కట్టారు. నమ్మదగిన తేడాలు చుక్కల్లో కంటే మగ చిమ్మటల జననాంగాల నిర్మాణంలో ఉంటాయి. వాటిని సూక్ష్మదర్శిని కింద చూడాల్సిందే. అందువల్ల ఆస్ట్రేలియా నుంచో పసిఫిక్ దీవుల నుంచో పుల్కెల్లా దొరికిందని పాత జాబితాల్లో కనిపిస్తే దాన్ని కాస్త అనుమానంగానే చూడాలి.

ఆస్ట్రేలియాలో ఈ అన్నదమ్ములకు పెట్టిన పేర్లు మాత్రం ఆసక్తి కలిగిస్తాయి. లోట్రిక్స్‌ను క్రోటలేరియా మాత్ అనీ, పుల్కెల్లాయిడిస్‌ను హీలియోట్రోప్ మాత్ అనీ అంటారు. రెండూ మొక్కల పేర్లే. ఈ చిమ్మటల కథ అంతా ఆ రెండు మొక్కల చుట్టూనే తిరుగుతుంది.

గిలిగిచ్చ, జనుము, తేలుమణి

క్రోటలేరియా జాతి మొక్కలు తెలుగువారికి కొత్త కాదు. బీళ్లలో పసుపు పూలతో కనిపించే గిలిగిచ్చ ఆ జాతిదే. దాని కాయలు ఎండితే లోపల గింజలు ఊడి, ఊపితే గిలక్కాయలా గలగలమంటాయి. క్రోటలేరియా అన్న పేరు కూడా గ్రీకు భాషలో చేతాళం వంటి వాయిద్యం పేరు నుంచి వచ్చిందే. తోకతో చప్పుడు చేసే అమెరికా పాముకు పెట్టిన క్రోటలస్ అన్న పేరుకూ మూలం అదే. ప్రపంచంలో ఈ జాతి మొక్కలు సుమారు 700 ఉన్నాయి. వాటిలో రైతుకు బాగా తెలిసింది జనుము. నార కోసం, పచ్చిరొట్ట ఎరువు కోసం, పశువుల మేత కోసం దీన్ని పండిస్తారు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతల తర్వాత చేలో మిగిలిన తేమ మీద జనుము చల్లడం పాత అలవాటు.

రెండో రకం మొక్క హీలియోట్రోపియం. మన దగ్గర చెరువుల పక్కన, పోరంబోకుల్లో పెరిగే తేలుమణి ఈ జాతిదే. దాని పూల కంకి చివర తేలు తోకలా వంకర తిరిగి ఉంటుంది. ఈ రెండు మొక్కలకూ వృక్షశాస్త్రపరంగా చుట్టరికం లేదు. ఒకటి చిక్కుడు కుటుంబానిది, మరొకటి నక్కెర చెట్టు కుటుంబానికి దగ్గరిది. పూలు వేరు, కాయలు వేరు, ఆకులు వేరు. మరి చుక్కల చిమ్మట ఈ రెండింటినీ వెతుక్కుంటూ ఎందుకు గుడ్లు పెడుతుంది? రెండింటిలోనూ ఒకే రకం విషం ఉంది కాబట్టి. దాని పేరు పైరోలిజిడీన్ ఆల్కలాయిడ్లు.

తల్లి చిమ్మట ఆకుల మీద గుంపుగా గుడ్లు పెడుతుంది. వాటి నుంచి వచ్చే గొంగళిపురుగులు నల్లగా లేదా ముదురు బూడిద రంగులో ఉండి, వీపు మీద పొడుగునా తెల్లటి చార, అడ్డంగా నారింజ ఎరుపు పట్టీలు, అక్కడక్కడా వెంట్రుకలు కలిగి ఉంటాయి. పిల్లలు కూడా తల్లిలాగే దాక్కునే రకం కావు. మొదట ఆకులు గీకి తింటాయి. కాస్త పెద్దవయ్యాక క్రోటలేరియా మీద ఉన్నవి కాయలకు రంధ్రాలు చేసి లోపలికి దూరి పచ్చి గింజలు తింటాయి. విషం ఎక్కువగా నిల్వ ఉండేది ఆ గింజల్లోనే. పూర్తిగా ఎదిగాక నేల మీది ఎండుటాకుల్లోకి దిగి, పలచని పట్టు గూడు అల్లుకుని ప్యూపాగా మారతాయి. వెచ్చని చోట్ల ఏడాదిలో అనేక తరాలు గడిచిపోతాయి.

సాలీడు వదిలేసిన వేట

ఈ విషంతో చిమ్మట ఏం చేస్తుందో ప్రపంచానికి బాగా తెలియజేసింది అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ ఐస్నర్, రసాయన శాస్త్రవేత్త జెరాల్డ్ మైన్‌వాల్డ్, వారి సహచరులు. వారు ఎంచుకున్నది మన పుల్కెల్లాను కాదు, ఫ్లోరిడాలో దొరికే దాని బంధువు యుటెథైసా ఆర్నాట్రిక్స్‌ను. దాని ముందు రెక్కలు నారింజ పసుపు రంగులో, వెనక రెక్కలు గులాబీ రంగులో ఉంటాయి. జీవన విధానం మాత్రం ఇదే. అక్కడ అది తినే క్రోటలేరియా స్పెక్టాబిలిస్ మొక్క మన దక్షిణాసియాదే. పచ్చిరొట్ట ఎరువు కోసం గత శతాబ్దం తొలి భాగంలో అమెరికాకు తీసుకెళితే, అది పొలాలు దాటి కలుపు మొక్కగా పాకిపోయింది.

ఫ్లోరిడాలో పెద్ద పెద్ద గూళ్లు అల్లే బంగారు రంగు పట్టు సాలీడు ఒకటుంది. ఆ గూటిలో మామూలు చిమ్మట పడితే సాలీడు పరుగున వచ్చి కాటేసి తినేస్తుంది. ఆర్నాట్రిక్స్ పడితే జరిగేది వేరు. సాలీడు వస్తుంది, తాకి చూస్తుంది, తర్వాత చిమ్మట చుట్టూ ఉన్న దారాలను ఒక్కొక్కటే తెంపి దాన్ని వదిలేస్తుంది. అంతసేపూ కదలకుండా ఉన్న చిమ్మట ఎగిరిపోతుంది. ఇది నిజంగా విషం వల్లేనా అని తేల్చడానికి ఐస్నర్ బృందం గొంగళిపురుగులను చిక్కుడు గింజలతో తయారుచేసిన, విషం లేని ఆహారం మీద పెంచింది. అవి కూడా అంతే అందంగా, అవే రంగులతో చిమ్మటలయ్యాయి. వాటిని గూటిలో వేస్తే సాలీడు తినేసింది. రంగు కాదు, లోపలి సరుకే కాపాడుతోందని దీంతో తేలింది. చూడగలిగే శత్రువులకు ఆ సరుకు సంగతి ముందే చెప్పే బోర్డు లాంటిది రంగు. ఒకసారి నోరు చేదు చేసుకున్న పక్షి మళ్లీ ఆ చుక్కల జోలికి రాదు. దాని జ్ఞాపకం చెడకుండా ఉండాలంటే బోర్డు స్పష్టంగా ఉండాలి. బెరడు రంగు చిమ్మట పగలంతా దాక్కుంటే ఈ చిమ్మట గడ్డి మీద దర్జాగా కూర్చోవడానికి కారణం ఇదే.

విషం ఉపయోగం అక్కడితో ఆగలేదు. మగ చిమ్మట పొట్ట చివర కుంచెల్లాంటి వెంట్రుకల కట్టలు రెండుంటాయి. ఆడదాన్ని చేరినప్పుడు వాటిని బయటికి చాచి ఒక సువాసన వెదజల్లుతుంది. ఆ సువాసన పదార్థం కూడా గొంగళిపురుగుగా ఉన్నప్పుడు తిన్న విషం నుంచి తయారైందే. మన వైపు బంధువులైన లోట్రిక్స్, పుల్కెల్లాయిడిస్‌లలో ఈ రకం పదార్థాలను 1972లోనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు కల్వెనర్, ఎడ్గర్ గుర్తించారు. ఎక్కువ విషం దాచుకున్న మగదానికి వాసన ఎక్కువ. ఆడది అలాంటిదాన్నే ఎంచుకుంటుంది. ఎందుకంటే సంపర్కంలో మగది వీర్యంతో పాటు తన విషంలో కొంత భాగాన్ని కూడా ఒక సంచిలో పెట్టి ఇస్తుంది. ఆ సంచి బరువు మగదాని ఒంటి బరువులో దాదాపు పదో వంతు ఉంటుంది. ఆడది తన దగ్గరున్న విషానికి దీన్ని కలిపి గుడ్లకు పంచుతుంది. గుడ్లలోని విషంలో సుమారు మూడో వంతు తండ్రి వాటా అని 1988లో వెలువడిన పరిశోధన లెక్కగట్టింది. అక్షింతల పురుగులు, చీమలు ఆ గుడ్లను ముట్టవు.

ఈ విషం వాటికి ఎంత విలువైనదో చెప్పే సంగతి ఇంకొకటుంది. తిండిలో విషం దొరకని గొంగళిపురుగులు, విషమున్న తమ జాతి గుడ్లనే తినేస్తాయి. ఆకలితో కాదు, విషం కోసం.

ఇదే పదార్థం కోసం తిరిగేవి చిమ్మటలే కాదు. ఎండిన తేలుమణి కొమ్మ మీద, గిలిగిచ్చ కాయల మీద బ్లూ టైగర్ వంటి సీతాకోకచిలుకలు గుంపులుగా వాలి ఉండడం మన అడవుల్లో తరచూ కనిపించే దృశ్యం. అక్కడ తేనె ఉండదు. ఎండిన మొక్క నుంచి అవి పీల్చుకునేది ఈ ఆల్కలాయిడ్లనే.

ఒకే విషం, రెండు శరీరాలు

ఇంత విషం ఒంట్లో పెట్టుకున్న పురుగుకు ఏమీ కాదా? ఈ ప్రశ్నకు జవాబు మనిషికీ అవసరమే, ఎందుకంటే ఇదే విషం మనుషుల ప్రాణాలు తీసింది.

1975లో అప్పటి మధ్యప్రదేశ్‌లోని సర్గుజా జిల్లాలో, నేటి ఛత్తీస్‌గఢ్‌లో, కొన్ని గిరిజన గ్రామాల్లో పొట్ట ఉబ్బి నీరు చేరే జబ్బు వ్యాపించింది. కాలేయంలోని సన్నని సిరలు మూసుకుపోవడమే దానికి కారణమని వైద్యులు గుర్తించారు. నమోదైన 67 మంది రోగుల్లో 28 మంది చనిపోయారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కూడా దీని మూలాలు వెతికారు. వారు తినే గోండ్లీ, అంటే మన సామలు, అందులో ఒక కలుపు మొక్క గింజలు కలిసి ఉన్నాయి. ఆ కలుపు క్రోటలేరియా జాతిది. స్థానికులు దాన్ని ఝున్‌ఝునియా అనేవారు. మన గిలిగిచ్చలాగే అదీ కాయ చప్పుడును బట్టి వచ్చిన పేరే. కరువు కాలంలో పంట తగ్గి కలుపు పెరిగితే, పేదవారి గిన్నెలోకి ఆ గింజలు చేరడం తేలిక.

దాదాపు అదే కాలంలో అఫ్గానిస్తాన్‌లోని హెరాత్ ప్రాంతంలో గోధుమల్లో హీలియోట్రోపియం గింజలు కలిసి ఇలాంటి జబ్బే ఇంకా పెద్ద ఎత్తున వచ్చింది. అక్కడ పరీక్షించిన దాదాపు ఏడు వేల మందిలో అయిదో వంతుకు పైగా జనానికి కాలేయం దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి. హీలియోట్రోపియం మొక్కతో చేసిన మూలిక మందులు వాడినవారిలో ఇదే కాలేయ జబ్బు వచ్చినట్టు 1970ల చివర్లో మన దేశపు వైద్యులు కూడా రాశారు. ఒక చోట క్రోటలేరియా, ఇంకో చోట హీలియోట్రోపియం. చుక్కల చిమ్మట వెతుక్కునే మొక్కలూ అవే.

పైరోలిజిడీన్ ఆల్కలాయిడ్లు రెండు రూపాల్లో ఉంటాయి. ఒకటి విడి రూపం, రెండోది దానికి ఆక్సిజన్ చేరిన ఎన్-ఆక్సైడ్ రూపం. మొక్కలో సాధారణంగా ఎక్కువగా ఉండేది ఎన్-ఆక్సైడ్. అది నీటిలో కరుగుతుంది, నేరుగా హాని చేయదు. జంతువు తిన్నప్పుడు పేగుల్లో దాని ఆక్సిజన్ ఊడిపోయి విడి రూపం వస్తుంది. అది రక్తంలోకి, అక్కడి నుంచి కాలేయంలోకి చేరుతుంది. పరాయి పదార్థాలను మార్చి బయటికి పంపడం కాలేయం పని. ఆ పనిలో భాగంగానే దాని ఎంజైములు ఈ ఆల్కలాయిడ్‌ను పైరోల్ అనే చురుకైన పదార్థంగా మారుస్తాయి. అసలు ప్రమాదం ఆ పైరోల్‌దే. అది పుట్టిన చోటే ప్రొటీన్లకూ డీఎన్ఏకూ అంటుకుని కణాలను చంపుతుంది. సిరల లోపలి పొర దెబ్బతిని దారి మూసుకుపోతుంది. అంటే మొక్క ఇచ్చింది సగం తయారైన విషమే. మిగతా సగం పని కాలేయం తన చేతులతో తానే పూర్తి చేస్తుంది.

గొంగళిపురుగు పేగుల్లో కూడా ఆక్సిజన్ ఊడిపోతుంది, విడి రూపం దాని రక్తంలోకీ చేరుతుంది. అక్కడే దాని ప్రత్యేకత బయటపడుతుంది. టైగర్ మాత్‌ల రక్తంలో ఒక ఎంజైము ఉంది. అది విడి ఆల్కలాయిడ్ కనిపించగానే ఆక్సిజన్‌ను తిరిగి తగిలించి ఎన్-ఆక్సైడ్‌గా మార్చేస్తుంది. విషానికి తాళం వేసి కొట్లో పెట్టినట్టన్నమాట. ఈ ఎంజైమును మొదట సిన్నబార్ మాత్ అనే ఐరోపా చిమ్మటలో జర్మన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. దాన్ని తినబోయిన శత్రువు పేగుల్లో ఆ తాళం మళ్లీ తెరుచుకుంటుంది.

ఇంకా ఆశ్చర్యం కలిగించే విషయం 2015లో తెలిసింది. క్రోటలేరియా మొక్కలు ఈ విషాన్ని ఎప్పుడూ తయారు చేయవు. వేళ్ల బొడిపెల్లో రైజోబియం బ్యాక్టీరియా చేరితేనే, ఆ బొడిపెల్లోనే తయారు చేస్తాయని జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. పచ్చిరొట్ట ఎరువుగా ఈ మొక్కలకు విలువ తెచ్చేది గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే ఆ బొడిపెలే. నేలకు బలం, చిమ్మటకు కవచం, మనిషికి ముప్పు, మూడూ ఒకే చోట పుడుతున్నాయి.

జనుము చేలో

రైతు దృష్టిలో ఈ అందగత్తె పురుగే. జనుమును ఆశించే ముఖ్యమైన పురుగుల జాబితాలో యుటెథైసా పుల్కెల్లా పేరుంటుంది. ఉత్తరప్రదేశ్‌లోని ప్రతాప్‌గఢ్‌లో జనుము మీద పరిశోధనకు ప్రత్యేక కేంద్రం ఉంది. నార, విత్తనం కోసం పండించే చోట దీని బెడద గట్టిదే. ఆకులు తింటే మొక్క మళ్లీ చిగురిస్తుంది, కాయలోకి దూరితే మాత్రం విత్తనం పోతుంది.

అయితే జనుము వేసిన ప్రతి చేలోనూ ఇది ఒకే రకం సమస్య కాదు. పచ్చిరొట్ట కోసం వేసిన జనుమును పూత దశలో, కాయ పట్టకముందే నేలలో కలియదున్నేస్తారు. అలాంటి చేలో గొంగళిపురుగులు నాలుగాకులు తిన్నా మందు డబ్బా తీయడం దండగ. విత్తనం కోసం వదిలిన మడిలో మాత్రం పూత నుంచి కాయ దాకా కనిపెట్టుకుని ఉండాలి. గుడ్ల గుంపులున్న ఆకులను, పిల్ల పురుగులు గుంపుగా ఉన్న రెమ్మలను తుంచి నాశనం చేయడం చిన్న మడుల్లో చేయగలిగిన పని. మేతకు వేసిన జనుమును కాయ ముదరక ముందే కోసి మేపడం మంచిది. అది పురుగు కోసం కాదు, గింజల్లో చేరే విషం కోసం. చిరుధాన్యాల చేలల్లో గిలిగిచ్చ మొలిస్తే గింజ కట్టకముందే పీకేయడం కూడా అందుకే.

పురుగును చేత్తో పట్టుకుంటే ప్రమాదమేమీ లేదు. విషం పనిచేసేది మింగితేనే. నొక్కితే మాత్రం ఈ జాతి చిమ్మటలు మెడ దగ్గర నుంచి నురగ వదులుతాయి. పక్షి ముక్కుకు రుచి చూపించడానికి వేసే ఎత్తు అది.

ఫొటో తీసేవారికి ఒక మాట

మాత్స్ ఆఫ్ ఇండియా, ఐనాచురలిస్ట్ వంటి వెబ్‌సైట్లలో ఇప్పుడు ఎవరైనా తాము చూసిన చిమ్మట ఫొటో పెట్టవచ్చు. ఏటా జులై చివరి వారంలో జరిగే జాతీయ మాత్ వారోత్సవంలో తెల్లగుడ్డ కట్టి, దీపం పెట్టి రాత్రంతా చిమ్మటలను లెక్కించేవారు మన దేశంలోనూ పెరుగుతున్నారు. చుక్కల చిమ్మటకు అంత శ్రమ అక్కర్లేదు. పగలు గడ్డిలో నాలుగడుగులు నడిస్తే చాలు. కానీ రెక్కలు ముడుచుకుని కూర్చున్న ఒక్క ఫొటోతో అది పుల్కెల్లానా, లోట్రిక్సా అని తేల్చడం నిపుణులకూ కష్టమే. వెనక రెక్కలు కనిపించేలా ఇంకో ఫొటో ఉంటే కొంత నయం. తారీఖు, ఊరు రాయాలి. అది లేచిన చోట గిలిగిచ్చ ఉందా, జనుము ఉందా, తేలుమణి ఉందా చూసి ఆ మొక్కనూ ఫొటో తీసి పెట్టాలి. ఆకుల మీద గొంగళిపురుగు కూడా దొరికితే మరీ మంచిది. ఏ ప్రాంతంలో ఏ జాతి ఏ మొక్క మీద పెరుగుతోందో తెలిపే ఆధారాల్లో అదొకటి అవుతుంది.